పడమటింటి దారి

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది నలుగురు. పెద్దాయన పద్మనాభయ్య, ఆయన ఒక్కగానొక్క కూతురు బిందు, అల్లుడు జయకుమార్, వంటకూ ఇంటిపనికీ వచ్చే పేరమ్మ. జయకుమార్ తెల్లవారగానే రొయ్యపిల్లల హ్యాచరీకి వెళ్లిపోయాడు. బిందు తండ్రి మందుల కోసం కావలి బస్సెక్కింది. పేరమ్మ బిందెలు తీసుకుని వీధి కుళాయి దగ్గరకు వెళ్లింది. మధ్యాహ్నం బిందు తిరిగి వచ్చేసరికి పెద్దాయన లేడు. సాయంత్రానికి ఆయన చేతికర్ర, భుజం మీది తువ్వాలు ఇంటి వెనక ఉప్పుటేటి గట్టు మీద దొరికాయి.

“బయటి మనిషి ఒక్కరూ ఈ గడప తొక్కలేదు,” అన్నాడు ఎస్సై నరేంద్రబాబు. “అడగాల్సిన వాళ్లందరినీ అడిగాను, సబీనా గారూ. ఇందులో మీ డిటెక్టివ్ పని ఏమీ లేదు. జబ్బు మనిషి. దారి తప్పాడు, ఏట్లో పడ్డాడు. ఆటుకు నీళ్లు వెనక్కి తీసే వేళకు సముద్రంలోకి వెళ్లిపోయాడు.”

సబీనా వరండాలో వెలుగుతున్న బల్బు వైపు చూస్తోంది. పట్టపగలు, నడినెత్తిన ఎండ. ఆ బల్బు ఎందుకు వెలుగుతోందో ఎవరూ చెప్పనక్కర్లేదు. లోపల బిందు తండ్రికోసం అన్నం మెత్తగా వండి, కంచంలో పెట్టి, మూత వేసి కూర్చుంది. ఆరు రోజులుగా అలాగే చేస్తోందట.

“సాయంత్రం ఫైలు మూసేస్తున్నాను,” అన్నాడు ఎస్సై. “ఆ అమ్మాయి సంతకం ఒక్కటే కావాలి. పెట్టనంటోంది. మీరైనా నచ్చజెప్పండి. ఆశ పెట్టి డబ్బులు తీసుకోవడం తేలికే, పోయిన మనిషిని తేవడం కష్టం.”

“సాయంత్రం దాకా టైముంది కదా సార్,” అని సబీనా చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది.

బిందుకు ముప్పై ఏళ్లుంటాయి. కళ్ల కింద నల్లగా వాచిపోయింది. సబీనాను చూడగానే లేచి నిలబడింది. ఏదో మంచిమాట వింటానని ఆశపడే మనిషిలా ఉంది ఆ లేవడం.

“కూర్చో బిందూ. మీ నాన్నగారి జబ్బు గురించి చెప్పు. కాగితాల్లో ఉన్నది కాదు, నువ్వు చూసింది చెప్పు.”

“చిన్నమెదడు అరిగిపోతా ఉండాదంటక్కా. ఆరేళ్లయింది. మొదట కాళ్లు తూలినాయి. మాట ముద్దయింది. గ్లాసు పట్టుకోబోతే చెయ్యి పక్కకు పొయ్యేది. అంతవరకే అనుకున్నాం. పోయినేడు ఆయన్ని ఇక్కడికి తెచ్చుకున్నాక తెలిసింది, దారి కూడా పట్టుబడదని.”

“పట్టుబడదంటే?”

“తన గదిలోంచి హాల్లోకి వస్తాడు. మళ్లీ ఆ గదికే పొమ్మంటే పోలేడు. పొయ్యేటప్పుడు కుడి, వచ్చేటప్పుడు ఎడమ అవుతుంది గదా. నీకూ నాకూ అది ఒకటే దారి. ఆయనకి రెండు దారులు. నెల్లూరులో డాక్టరు కాగితమిచ్చి మీ ఇల్లు గీయండి అన్నాడు. నాన్న తలుపులన్నీ ఒకే గోడకి గీసినాడు. గీసి, దాన్ని చూసుకుని ఆయనే నవ్వినాడు, ‘బిందూ, ఇది ఇల్లా రైలుపెట్టా’ అని.” చెప్తూ బిందు కూడా నవ్వబోయింది. నవ్వు సగంలో వంకర తిరిగింది. “మతిమరుపు కాదక్కా. ఎవురి పేరూ మర్చిపోడు. నా చిన్నప్పటి గౌన్ల రంగులు కూడా చెప్తాడు. మలుపుల వరస మాత్రం ఒంటికి ఎక్కదు.”

“మరి ఇంట్లో ఎలా తిరిగేవారు?”

“గుడ్డలు కట్టినా. ఆయన గదికి నీలం గుడ్డ, బాత్రూముకి ఎర్రగుడ్డ. రంగు పట్టుకుని పోతాడు. ఎర్రగుడ్డ కనిపిస్తే చాలు, నేరుగా దాని దగ్గరికే.”

సబీనా లేచి చూసింది. గది తలుపు గొళ్లేనికి నీలం గుడ్డ ఉంది. స్కూలుపిల్లల జడ రిబ్బనులా, రెండు చెవుల ముడి. బాత్రూము తలుపుకు ఏమీ లేదు.

“ఎర్రది ఏది?”

బిందు తెల్లబోయింది. “ఉండాలే... ఆ రోజు గొడవలో యాడ ఊడిపొయిందో.”

పెద్దాయన గది ఇంటికి చివరన ఉంది. మంచం, నీళ్ల చెంబు, గోడకు చనిపోయిన భార్య ఫోటో. మంచానికి ఎదురుగా పెరట్లోకి తలుపు. ఎప్పుడూ గడియపెట్టి ఉండే ఆ తలుపు ఆ రోజు తీసి ఉందని అందరూ చెప్పారు. సబీనా ఆ తలుపు తీసుకుని పెరటి గోడకున్న చిన్న గేటు దాటి బయటకు నడిచింది. ఎస్సై బూట్లలో ఇసుక దూరుతుంటే విసుక్కుంటూ వెంట వచ్చాడు.

పెరటి వెనక సరుగుడు తోట. తోటలో కాలిబాట ముందు కుడికి తిరిగి, ఒక బోరు షెడ్డు చుట్టి, ఎడమకు మళ్లి, అక్కడ రెండుగా చీలింది. కుడిపాయ ఏటిగట్టుకు. ఎడమపాయ తోట అవతలి తారురోడ్డుకు.

“కర్ర దొరికింది అక్కడ,” అని ఎస్సై కుడివైపు చూపించాడు. “ఇంకేం కావాలి మీకు?”

“సార్, ఈ ఇంట్లో బాత్రూముకి దారి దొరకని మనిషి ఇన్ని మలుపులు తిరిగి ఇక్కడిదాకా ఎలా వచ్చాడు?”

“దారి తప్పాడు కాబట్టే వచ్చాడు.”

“దారి తప్పే మనిషి పెరట్లోనే తప్పుతాడు. గోడ పట్టుకుని తిరిగి తిరిగి అక్కడే కూలబడతాడు. ఒక్క మలుపూ పొల్లుపోకుండా ఏటిదాకా వచ్చాడంటే ఆయన తప్పిపోలేదు. ఆయనకు ఎవరో దారి చూపించారు.”

నరేంద్రబాబు నవ్వాడు. “బాగుంది. దారి తెలియదని మీరే అంటారు, దారి తప్పలేదనీ మీరే అంటారు. కోర్టులో ఈ మాట చెప్పి చూడండి, జడ్జిగారు నాకంటే గట్టిగా నవ్వుతారు.”

“మీరు కుడివైపు మాత్రమే వెతికారా?”

“కర్ర ఎటు ఉంటే మనిషి అటు. నా పద్ధతి అది.”

సబీనా ఎడమపాయలోకి నడిచింది. ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది. ఒక సరుగుడు మాను చుట్టూ, మనిషి కంటికి సరిగ్గా అందే ఎత్తులో, ఎర్రగుడ్డ పీలిక ఉంది. ఎండకు కాస్త వెలిసింది, అంతే.

“సరుగుడు కొట్టేవాళ్లు గుర్తులు కట్టుకుంటారు,” అన్నాడు ఎస్సై వెనకనుంచి. “ఆ పీలిక మీద కేసు కట్టమంటారా? కొడవలూరులో పెద్దాయన సొంతింటికి కూడా మనిషిని పంపాను నేను. ముసలామె ఒక్కతే ఉంది. తమ్ముడి సంగతి చెప్పగానే వాకిట్లోనే గుండెలు బాదుకుందట. ఇంకా ఎక్కడ వెతకమంటారు?”

సబీనా ఆ పీలికను ముట్టుకోలేదు. వంగి చూసింది. దానికి ముడి లేదు. రెండు కొసలూ కలిపి గట్టిగా మెలిపెట్టి, ఆ మెలికను లోపలికి దోపారు. పీకితే రాదు, తిప్పితే వస్తుంది. సంగం ఊళ్లో ఆమె నాన్నకు పగ్గాల కొట్టు ఉండేది. కోతల రోజుల్లో ఆడవాళ్లు గడ్డితాడుతో వరి పనలు ఇలాగే కట్టేవాళ్లు. చేతులు వాటంతట అవే మెలితిప్పి దోపేసేవి, నోళ్లు మాత్రం ఊళ్లో సంగతులన్నీ మాట్లాడుకునేవి. నాన్న పోయాడు. ఆ కొట్టు ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు. బస్సు ఆ వీధిలోంచి వెళ్తే సబీనా అటువైపు చూడదు.

ఇసుకా రొయ్యలూ తప్ప వరి లేని ఈ ఊళ్లో పన కట్టే చెయ్యి ఎవరిది?

వీధి కుళాయి దగ్గర పేరమ్మ బిందె తోముతోంది. ఎస్సైని చూడగానే కొంగు భుజం మీదికి లాక్కుంది. సబీనా ఆయన్ని జీపు దగ్గరే ఉండమని కళ్లతో బతిమాలి, తానొక్కతే వెళ్లి కుళాయి గట్టు మీద కూర్చుంది.

“పేరమ్మా, ఆ రోజు ఇంటికి ఎవరొచ్చారు?”

“ఎవురూ రాలేదమ్మా. ఆయనకీ అదే చెప్పినా, నీకూ అదే చెప్తా ఉండా. బయటోళ్లు ఒక్కురు కూడా రాలేదు.”

సబీనా ఆ మాట దగ్గర ఆగింది. “సరే, బయటోళ్లు రాలేదు. ఇంటోళ్లు ఎవరొచ్చారు?”

“శేషమ్మక్క వచ్చింది,” అంది పేరమ్మ ఎంతో మామూలుగా.

“ఎవరు?”

“వెంకటశేషమ్మ. పెద్దాయన అక్క. కొడవలూరులో ఉంటది గదా.”

“ఈ మాట పోలీసులకు ఎందుకు చెప్పలేదు?”

పేరమ్మకు కోపం వచ్చింది. “బయటి మనుషులు వచ్చినారా అని గదమ్మా ఆయన అడిగింది! తోడబుట్టిన ఆడబిడ్డని బయటి మనిషంటే నా నోరు పడిపోదా? తమ్ముడికి మామిడికాయ ముక్కలు తెచ్చింది. కాసేపు గదిలో కూచుంది. ఆటో ఎక్కి ముందు వాకిట్లో నుంచే పొయ్యింది. ఆమె పొయినాంక కూడా నేను తొంగి చూసినా. పెద్దాయన మంచం మీదే ఉండాడు. నవ్వుతా ఉండాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో అనుకుని బిందెలెత్తుకుని ఇక్కడికొచ్చినా.”

“బిందుకైనా చెప్పలేదా?”

“వాళ్లిద్దురికీ మాటల్లేవు తల్లీ. ‘నేనొచ్చినట్టు పిల్లకి చెప్పబాక పేరమ్మా’ అనింది ఆమె. పోయిన మనిషి ఏటికాడ పొయినాడంటిరి. నడమ ఈమె పేరు తెచ్చి నేనెందుకు కొంపలో నిప్పు పెట్టాల?”

సబీనా మళ్లీ ఇంట్లోకి వెళ్లింది. బిందు తండ్రి గదిలో, మంచం పట్టె మీద కూర్చుని ఉంది.

“మీ మేనత్తతో మాటలెందుకు పోయాయి బిందూ?”

“నాన్నని ఇక్కడికి తెచ్చుకుంటానన్న రోజు అడ్డం నిలబడింది. ‘నా తమ్ముడికి ఈ ఇల్లే మందు, యాడికీ తీసకపోబాక’ అనింది. ఆమెకే మోకాళ్లు లేవవు. పడితే ఎవురు లేపుతారు? ఆ ఊళ్లో రాత్రిపూట ఏమన్నా అయితే ఎట్టా? నేను కసిరినా. కూతుర్ని నేను బతికుండగా నీ దగ్గర ఎందుకన్నా.” బిందు చీర కొస వేలికి చుట్టుకుంటోంది. “నేనేమన్నా తప్పన్నానాక్కా?”

“లేదు. ఒక్కటి చెప్పు. కొడవలూరులో ఉన్నప్పుడు ఆయన దారి తప్పేవారా?”

బిందు ఆలోచించింది. “తూలేవాడు. పడేవాడు. దారి తప్పడం... లేదు. ఇక్కడికొచ్చినాకే. జబ్బు ముదిరిందనుకున్నాం.”

కిటికీలోంచి సముద్రం చప్పుడు వినిపిస్తోంది. బిందు తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అంది. “పొద్దుగూకితే చాలు, ఒకటే మాట. ‘బిందూ, పడమటింటికి పోదాం తల్లీ.’ నేను చెయ్యి పట్టుకుని ఈ గదికి తీసకొచ్చి ఈ మంచం మీదే కూచోబెట్టేదాన్ని. ఇదుగో నాన్నా, పడమటిల్లు అనేదాన్ని. కూచుని ఏడ్చేవాడు. ఏడుపూ నవ్వూ ఈ జబ్బులో అదుపులో ఉండవని ఎవురో చెప్పినారు. నేనూ పక్కనే కూచునేదాన్ని. రోజూ అంతే.”

“ఈ గది పడమటిల్లా?”

“లోపలి గదిని అట్టనే అంటాం గదక్కా. మా ఊళ్లో అందరూ అట్టనే అంటారు.”

సబీనా కిటికీ దగ్గరకు వెళ్లింది. ఆ కిటికీలోంచి కనిపించేది సముద్రం. ఆ సముద్రంలోంచి పొద్దు పొడుస్తుంది. ఇంటి ముందు వీధి పడమర ఉంది కాబట్టి ఈ ఇల్లు పడమర ముఖం. దీని లోపలి గది ఇంటికి తూర్పు కొసన ఉంది. పేరు మాత్రం కొడవలూరునుంచి బిందు నోటివెంట వచ్చి ఈ గదికి అతుక్కుంది. పెద్దాయన ఏడాది పాటు రోజూ ఒక చోటు అడిగాడు. కూతురు ఏడాది పాటు రోజూ ఎంతో ప్రేమగా ఇంకో చోటికి తీసుకొచ్చింది. ఒకే మాట ఇద్దరి మధ్య రెండు దారులైంది.

ఆ మాట సరిగ్గా అర్థమైన మనిషి ఒక్కతే ఉంది. ఆమె బాత్రూము తలుపు మీది ఎర్రగుడ్డ విప్పింది. చింపి పీలికలు చేసింది. పెరటి తలుపు గడియ తీసి, ఆ పీలికలు తోటలోకి కట్టుకుంటూ పోయి, ఏమీ ఎరగనట్టు ముందు వాకిట్లోంచి ఆటో ఎక్కింది. ఆటో చుట్టు తిరిగి తారురోడ్డు మీదికి వచ్చి ఆగింది. తమ్ముడు నవ్వుతూ కూర్చున్నాడు. పేరమ్మ బిందెలతో బయటకు వెళ్లగానే లేచాడు. ఒక ఎర్రగుడ్డ, దాని తర్వాత ఇంకో ఎర్రగుడ్డ, ఆటో దాకా. ఆయన్ని ఆటోలో కూర్చోబెట్టి ఆమె వెనక్కి వచ్చి పీలికలు ఏరుకుంది, కర్రా తువ్వాలూ ఏటిగట్టున పెట్టింది.

“ఏందక్కా, ఏమన్నా తెలిసిందా?” బిందు ఆమె ముఖంలోకి చూస్తోంది. “నాన్న ఉండాడా?”

ఒకవేళ తన ఊహ తప్పయితే ఈ పిల్ల రెండోసారి తట్టుకోలేదు. “సాయంత్రం లోపల వస్తాను. సంతకం పెట్టొద్దు,” అని మాత్రం చెప్పింది సబీనా.

వాకిట్లో నరేంద్రబాబు జీపుకు ఆనుకుని ఉన్నాడు. “ఎక్కడికి డిటెక్టివ్ మేడమ్? ఇంకో పీలిక దొరికిందా?”

“మీరు కొడవలూరు పంపిన మనిషి ఇంట్లోకి వెళ్లాడా సార్?”

“ఏడుస్తున్న ముసలామెను తోసుకుని వెళ్తాడా? వాకిట్లో అడిగి వచ్చాడు.”

సబీనా స్కూటీ స్టార్ట్ చేసింది.

కొడవలూరు చేరేసరికి ఎండ వాలింది. ఊరి చివర, పొలాల అంచున, తూర్పు ముఖం పాతిల్లు. రెండు రెక్కల తలుపు సగం తెరిచి ఉంది. స్కూటీ చప్పుడుకు ఒక ముసలామె గడపలోకి వచ్చి అడ్డంగా నిలబడింది. పొట్టి మనిషి, గట్టి భుజాలు.

“ఎవురు?”

“నా పేరు సబీనా. బిందు పంపింది.”

ఆ పేరు వినగానే వెంకటశేషమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అయ్యో, నా తమ్ముడా! ఏట్లో కలిసిపోతివా నాయనా!”

“పెద్దమ్మా, పీలికలన్నీ ఏరుకున్నారు, ఒకటి మర్చిపోయారు. పన కట్టినట్టు కట్టారు.”

ఏడుపు ఆగిపోయింది. కళ్లలో చెమ్మ కూడా లేదు. ఆమె ఏదో అనబోయేలోపల ఆమె భుజం మీదుగా సబీనాకు లోపల కనిపించింది.

నడవ చీకటిగా ఉంది. దాని చివర, పడమర గోడ వైపు ఉన్న గదిలోంచి ఒక మనిషి వస్తున్నాడు. కాళ్లు ఎడంగా వేస్తూ, పడవలో నిలబడ్డ మనిషిలా అటూ ఇటూ ఊగుతూ. చేతిలో కర్ర లేదు. గది ద్వారబంధం చాలా కిందికి ఉంది. ఆయన పైకి చూడలేదు. సరిగ్గా దాని కింద తల వంచాడు, దాటగానే ఎత్తాడు. నీళ్ల కుండ దగ్గరకు వచ్చి, చూడకుండానే చెయ్యి చాచాడు. చెయ్యి వణికింది, కానీ గ్లాసు ఉన్నచోటికే పోయింది. ఏ తలుపుకూ ఏ గుడ్డా లేదు.

“ఎవు...రక్కా?” అన్నాడు పద్మనాభయ్య. మాటలు ఒక్కొక్కటిగా, సాగి సాగి వస్తున్నాయి.

“ఎవురూ లేరు, నువ్వు లోపలికి పో అబ్బయ్యా!”

“సార్!” సబీనా గడప మీద చెయ్యి వేసింది. “కర్ర ఏటిగట్టున పెట్టింది మీ అక్కగారని తెలుసా మీకు? మీరు పోయారనుకుంటోంది బిందు.”

“నేనే... పెట్టమన్నా,” అన్నాడాయన.

ఎస్సై వెతకని చోట్లన్నీ సబీనా వెతికింది. ఈ జవాబు మాత్రం ఎక్కడా అనుకోలేదు.

ఆయన ఊగుతూ గడప దగ్గరకు వచ్చాడు. వెంకటశేషమ్మ పక్కకు తప్పుకుంది. దగ్గరనుంచి చూస్తే బిందు కళ్లే ఆయనవి.

“బతికుండానని తెలిస్తే... వస్తది. వచ్చి చెయ్యి పట్టుకుంటది. నా బిడ్డ... చెయ్యి పట్టుకుంటే... నేను కాదనలేనమ్మా. దాని వెనకే... పోతా.” మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు. “ఆడ... బాగా చూసుకుంటది. అన్నం కలిపి పెడతది. కానీ ఆడ నేను... ఏ గదిలో ఉండానో... నాకు తెలవదు. ఈడ... తెలుస్తది.”

“ఆమె రోజూ మీకు అన్నం వండి, కంచం ముందు కూర్చుంటోంది సార్. పట్టపగలు కూడా వరండాలో బల్బు ఆర్పకుండా.”

ఆయన ద్వారబంధాన్ని పట్టుకున్నాడు.

“తిం... టోందా?”

సబీనా లేదని తల ఊపింది.

పద్మనాభయ్య చెయ్యెత్తి, ఎదురుగా పొలాల మీదుగా, నేరుగా తూర్పుకు చూపించాడు. చెయ్యి ఊగుతోంది, చూపు మాత్రం ఊగలేదు.

“నా బిడ్డ... అటు గదా ఉండాది?”

“అవును సార్. సరిగ్గా అటే.”

ఆయన అటే చూస్తూ నిలబడ్డాడు, పొలాల మీద నీడలు సాగేదాకా. “నేను ఆమెకు ఏం చెప్పమంటారు?” అని సబీనా అడిగింది. ఆయన ఆమె వైపు చూడలేదు. తడుముకోకుండా రెండు చేతులూ రెండు రెక్కల మీద వేశాడు. తలుపు ఆమె ముఖం ముందు దగ్గరకు చేరింది. లోపల గడియ పడింది.